మామగారి పంచెలో పాలతేట

మొన్న మా మనవరాలికి పార్శిల్లో ఒక గుడ్డ వచ్చింది. తెల్లటి, పల్చటి గుడ్డ, మూరన్నర పొడుగు, మూరన్నర వెడల్పు. దానికొక అట్టపెట్టె, పెట్టె మీద ఒక బొమ్మ, ఆ బొమ్మలో ఎవరో తెల్లావిడ నవ్వుతూ మూట పిండుతోంది. ఇంట్లోనే పనీర్ చేస్తుందట పిల్ల. "బజార్లో దొరుకుతుంది కదే" అంటే, "అందులో ఏం కలుపుతారో తెలీదు అవ్వా" అంది. సరే, పాలు నీవి, పొయ్యి నీది, నాకెందుకని ఊరుకున్నాను. పెట్టెలో చిన్న కాగితం కనిపిస్తే కళ్లజోడు పెట్టుకుని చదివాను. ఇంగ్లీషు, హిందీ, ఎవరు పుణ్యం కట్టుకున్నారో గానీ చివర తెలుగు కూడా ఉంది. "వాడే ముందు గుడ్డను బాగా ఉతకవలెను" అని రాశారు. అది చదివి నవ్వడం మొదలుపెట్టాను. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగక కళ్లనీళ్లు వచ్చాయి. పిల్ల కంగారుపడి మంచినీళ్లు తెచ్చి, ఏమైంది అవ్వా అని వీపు నిమిరింది. ఏం చెప్పను? ఆ ఒక్క ముక్క చేయక డెబ్భై ఏళ్ల కిందట నేనొక మనిషిని చంపబోయాను. ఆ మనిషి మా అత్త.

అప్పటికి నాకు పదిహేడు నిండాయి. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చి, కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. రాజధాని మా జిల్లాలోనే ఉందని మగవాళ్లు అరుగుల మీద మహా గొప్పగా చెప్పుకునేవాళ్లు గానీ, దాని వల్ల ఆదోనిలో మా వీధి బావికి ఒక చెంబు నీళ్లు ఎక్కువ ఊరింది లేదు. నా పుట్టిల్లు ఎమ్మిగనూరు. మా నాయన మగ్గం నేసేవాడు. పొద్దున లేస్తే మా వీధి పొడుగునా పడుగులు పరిచి, కుంచెలతో నూలుకు గంజి పట్టిస్తూ ఉండేవాళ్లు. ఆ పులిసిన గంజి వాసనలోనే నేను పుట్టి పెరిగాను. మా అత్తవారిది కూడా మగ్గాల కులమే అయినా, వాళ్లు మగ్గం వదిలి ఆదోని చేరి రెండు తరాలైంది. అందుకని వాళ్ల లెక్కలో నేను ఒక మెట్టు దిగువ. మా ఆయన ఒక దూది మిల్లులో బేళ్ల మీద నంబర్లు వేసే పని చేసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మీసాల మీద, కనుబొమల మీద, చెవుల వెంట్రుకల మీద కూడా దూదే. కాపురానికి వచ్చిన మొదటి సాయంత్రం ఆయన గుమ్మంలోకి రాగానే, ఇంత తొందరగా ఇలా నెరిసిపోయాడేమిటని హడలిపోయాను. మామగారు పోయి అప్పటికి ఎనిమిదేళ్లు. ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే, అందులో మాట చెల్లేది ఒక్కరికే.

మా అత్త సన్నగా, పొడుగ్గా, నిటారుగా ఉండేది. మాట్లాడేది తక్కువ. మాట్లాడినప్పుడు మాత్రం ఎదుటి మనిషి రెండు రోజులు గుర్తుంచుకునేలా మాట్లాడేది. నేను ఆ గడప తొక్కిన రోజునే మా ఇద్దరి మధ్యా ఒక చెడు జరిగింది. కొత్త కోడలు ఇంట్లో అడుగు పెట్టగానే పొయ్యి మీద పాలు పొంగించాలి కదా. ఇత్తడి గిన్నె అద్దంలా తళతళలాడుతూ ఉంది. అందులో నా ముఖం, ముక్కుపుడక చూసుకుని కాస్త మురిశాను కూడా. పాలు పోశాను. చుట్టూ పది మంది ఆడవాళ్లు, చేతిలో అక్షింతలు, పొంగు కోసం ఎదురు చూస్తున్నారు. పొంగు రాలేదు. పాలు గిన్నె మధ్యలో ఒకసారి వణికి, ముక్కలు ముక్కలుగా విరిగిపోయాయి. తునకలు ఒకవైపు, పసుపు పచ్చటి నీళ్లు ఒకవైపు. పది మంది చేతుల్లోనూ అక్షింతలు అలాగే ఉండిపోయాయి. వెనక నుంచి ఒకావిడ మాత్రం, "సెయ్యి మంచిది కాదేమో" అంది, నాకు వినపడదనుకుని. మా అత్త వచ్చి గిన్నె దించి, పెరట్లోకి తీసుకుపోయి నిమ్మచెట్టు మొదట్లో పోసేసింది.

ఆ రోజు నుంచి ఏడాది పాటు ఆ ఇంట్లో నేను పాలు ముట్టుకోలేదు. రుబ్బురోలు నాది, బావి చేద నాది, చీపురు నాది. పాలు మాత్రం అత్తవి. పాలామె వస్తే నేను లేచి గిన్నె తీసుకోబోతే, "నువ్వుండు. పాలు నేను సూసుకుంటా" అనేది. కసిరి కాదు, మామూలుగానే. అదే నాకు ఎక్కువ బాధ. కాచిన పాలగిన్నె ఉట్టి మీద పెట్టేది. నేను కూర కలుపుతున్నా, పప్పు తిప్పుతున్నా నా కుడిచేతి వంక నేనే అనుమానంగా చూసుకునేదాన్ని. ఈ చేతిలో ఏముందా అని. పదిహేడేళ్ల పిల్లకు అలాంటి ఆలోచన ఎందుకు రావాలి చెప్పండి. వచ్చింది, ఏడాదంతా ఉంది.

ఏడాది తిరిగి మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఆదోని ఎండ గురించి ఏం చెప్పను, మధ్యాహ్నం పూట రాళ్లు కూడా మూలిగేవి. ఆ ఎండల్లో అత్తకు జ్వరం తగిలింది. మొదట ఎండదెబ్బ అనుకున్నాం. అయిదో రోజుకు కూడా దిగకపోయేసరికి మా ఆయన బజారు నుంచి డాక్టరును జట్కాలో తీసుకొచ్చాడు. నాలుక చూసి, పొట్ట నొక్కి, టైఫాయిడ్ అన్నాడాయన. కొత్త మందొకటి వచ్చింది, బళ్లారి నుంచి తెప్పించాలి, తెప్పిస్తాను అన్నాడు. ఆ తర్వాత మా ఇద్దర్నీ గుమ్మం దగ్గరికి పిలిచి అసలు మాట చెప్పాడు. "మందు తన పని తను చేస్తుంది. కానీ ఆమె పేగులు ఇప్పుడు తడిసిన కాగితంలా ఉన్నాయి. బియ్యపు గింజంత పలుకు లోపలికి పోయినా చిల్లి పడుతుంది. పడితే ఇక నా చేతిలో లేదు. అలాగని కడుపు మాడిస్తే నీరసంతో పోతుంది. పాలు కాచి, నిమ్మరసంతో విరిచి, వడగట్టి, ఆ తేట ఇవ్వండి. గంట గంటకూ ఒక గ్లాసు. అద్దంలా ఉండాలి, ఒక్క పలుకు ఉండకూడదు."

మంచం మీద నుంచి అత్త అంతా వింటూనే ఉంది. "ఇది యాడన్నా ఉండాదా సార్? లచ్చణంగా ఉండే పాలను కావాలని ఇరగ్గొట్టేది?" అంది.

"మందనుకో అమ్మా. ఈ అమ్మాయి చేస్తుందిలే, ఎలాగో నేర్పిస్తాను" అన్నాడు డాక్టరు నన్ను చూపిస్తూ.

"ఈమె సేతికి ఆ పని నేర్పాల్సిన పన్లేదులే సార్. వచ్చిన పొద్దే సేసి సూపించింది" అంది అత్త, నూట మూడు జ్వరంలో.

డాక్టరుకు అర్థం కాలేదు. మా ఆయన చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. నేను మాత్రం వంటింట్లోకి పోయి ఏడాది తర్వాత మొదటిసారి ఉట్టి మీద నుంచి పాలగిన్నె దించాను. పాలు కాచడానికి పనికిరాని చెయ్యి విరగ్గొట్టడానికి పనికొచ్చింది. ఆ రోజు నాకు అది నవ్వులాటగా అనిపించలేదు లెండి.

విరగ్గొట్టడం సులువే. నిమ్మకాయ పిండితే పాలు మాట వింటాయి. వడగట్టడం దగ్గరే వచ్చింది చిక్కంతా. ఇంట్లో ఉన్న టీ వడపోత గిన్నెలో పోస్తే సగం తునకలు కిందికే దిగాయి. జల్లెడ అంతకంటే అన్యాయం. గుడ్డ కావాలి. నా పాత చీర కొంగు చింపుకుని వస్తే అత్త మంచం మీద నుంచే చూసింది. "కట్టి ఇడిసిన సీరలో నాకు పాలు వడగడతావా?" అంది. అంతే, అది పక్కన పెట్టేశాను. మా ఆయన పంచె ఉతికినదే తెచ్చి వడగట్టాను. ఆయన పంచె ఎన్నిసార్లు ఉతికినా దూది మిల్లు దాన్ని వదిలితేనా, తేట నిండా సన్నటి దూది పోగులు ఈదుతున్నాయి. అప్పటికి గుడ్డ లేకపోయినా పరికరం మాత్రం కుదిరింది. మా ఆయన కూర్చుని గడ్డం గీసుకునే చెక్క స్టూలు ఉండేది. దాన్ని తలకిందులుగా పెట్టి, నాలుగు కాళ్లకూ గుడ్డ నాలుగు కొసలూ కట్టి, కింద గిన్నె పెట్టాను. రెండు చేతులూ ఖాళీ. ఆ ఉపాయం నాదే. పడుగు నాలుగు వైపులా లాగి కట్టడం చిన్నప్పటి నుంచి చూసిన దాన్ని, ఆ మాత్రం తట్టకుండా ఉంటుందా. ఆయన మాత్రం ఆ నెలంతా నిలబడే గడ్డం గీసుకున్నాడు.

గుడ్డ దొరికేదాకా విరిగిన పాలను కదపకుండా ఉంచి, తునకలు అడుగుకు చేరాక పైన తేటను గరిటెతో కొద్దికొద్దిగా ఎత్తేదాన్ని. అలా చేస్తే గంటకు నాలుగు చెంచాలు వచ్చేవి. డాక్టరు చెప్పింది గ్లాసుడు. నాలుగు రోజులకే అత్త చేతికి మిగిలిన వెండి గాజులు మోచేతి దాకా జారడం మొదలుపెట్టాయి. ఆ గాజుల చప్పుడు వింటే నాకు గుండెలో రాయి పడినట్టుండేది. ఎమ్మిగనూరు పోయే బస్సు డ్రైవరుతో మా నాయనకు కబురు పంపాను, పాలు వడగట్టడానికి సన్నటి గుడ్డ ఒకటి జల్దీ కావాలని.

మూడో రోజు మా నాయన దిగాడు. బస్సు దుమ్ముతో ఎర్రగా ఉన్నాడు గానీ చంకలో మూట మాత్రం తెల్లగా ఉంది. పాత పంచెలో ఒక పొర, దాని లోపల కాగితం ఒక పొర, దాని లోపల గుడ్డ. ఎంత సన్నటి నేత అనుకున్నారు. మగ్గం మీద ఉన్నదాన్ని కోసుకొచ్చాడు. వియ్యపురాలి ఇంటికి పోయే గుడ్డ కదా అని మళ్లీ ఒకసారి పల్చటి గంజి పెట్టి, ఎండేసి, మడతలు కత్తిలా తీర్చి తెచ్చాడు. మా నేతగాళ్ల ఇళ్లలో గంజి లేని గుడ్డ ఇవ్వడమంటే ఎదుటి మనిషిని చులకన చేయడమే. "సూడు వదినా, పట్టుకుంటే పెళపెళలాడల్ల" అని అత్త మంచం దగ్గర గుడ్డను విదిలించి చూపించాడు. పెళపెళలాడింది. అత్త కళ్లు తెరిచి ఆ గుడ్డ వంక చూసింది. మా పుట్టింటి వస్తువు వంక ఆవిడ అంతసేపు చూడడం అదే మొదలు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. గంజి సంగతి నాకు తెలీదా? ఆ వాసనలో పుట్టినదాన్ని. కొత్త గుడ్డను ముందు ఉతకాలని ఎవరికి తెలియకపోయినా నాకు తెలియాలి. తెలుసు కూడా. కానీ ఉతికితే ఆ పెళపెళ పోతుంది, ఆ మెరుపు పోతుంది, మా నాయన గుడ్డ మామూలు పాత గుడ్డయిపోతుంది. అత్త మంచం ఎదురుగా, ఆవిడ చూస్తుండగా, కొత్తది కొత్తగానే స్టూలు కాళ్లకు కట్టాలని నాకు మహా కోరిక. కట్టాను. వేడి వేడి విరిగిన పాలు పోశాను. ఎంతసేపటికీ దిగలేదు. చివరికి మెల్లగా దిగింది. తునక ఒక్కటి లేదు గానీ తెల్లగా, కాస్త చిక్కగా ఉంది. మంచి పాలు కదా, అందుకే అలా ఉందేమో అనుకున్నాను. కళ్ల ముందు ఉన్నది కనిపించనంత గొప్ప పట్టుకుంది నన్ను. వరసగా మూడు గ్లాసులు పట్టించాను. మా నాయన సంతోషంగా మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు.

సాయంత్రానికి అత్త పొట్ట ఉబ్బింది. తాకితే మూలిగింది. బళ్లారి మందుకు దిగుతున్న జ్వరం మళ్లీ ఎక్కింది. డాక్టరు పరుగున వచ్చి, గిన్నెలో మిగిలిన తేటను గ్లాసులో పోసి పైకెత్తి చూశాడు, వేలు ముంచి రెండు వేళ్ల మధ్య రుద్దాడు. "ఇది పాలతేటా, గంజా?" అన్నాడు. నేను స్టూలుకు కట్టిన గుడ్డ వంక చూశాను. "ఈసారికి గట్టెక్కితే అదృష్టం. ఇంకోసారి ఇలాంటిది లోపలికి పోతే నన్ను పిలవద్దు" అని వెళ్లిపోయాడు. మా ఆయన నన్ను తిట్టలేదు. "మా పెద్దమ్మ కూతురును పిలిపిస్తా. నువ్వు ఇంక ముట్టుకోవద్దు" అన్నాడు మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది.

రెండు రోజులు భయంతోనే గడిచాయి. పొట్ట కాస్త మెత్తబడింది గానీ మనిషి ఇంకా లేవలేదు. పిలిపిస్తానన్న ఆవిడ ఆస్పరిలో ఎవరిదో పురుడు చూస్తోందట, రాలేనంది. మళ్లీ నేనే దిక్కు. మా నాయన గుడ్డను బావి దగ్గర బండ మీద ఎన్నిసార్లు ఉతికానో లెక్కలేదు. మా బావి నీళ్లేమో ఉప్పు. గంజి పోయింది గానీ కొత్త నూలు కదా, తేటలోకి సన్నటి పోగులు వదలడం మానలేదు. పోగును వేలితో తీస్తే ఇంకోటి, అది తీస్తే ఇంకోటి. మధ్యాహ్నం పూట, తలుపు సందులోంచి వెలుతురు పడే చోట ఆ గ్లాసు పెట్టుకుని కూర్చుని చూస్తుంటే, ఈ ఇంటికి వచ్చి నేను చేసిన పనల్లా ఇదే కదా, పాలు పాడు చేయడం, మనిషిని పాడు చేయడం అనిపించింది. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాను. శబ్దం రాకుండానే ఏడ్చాననుకున్నాను.

"ఏమ్మే. ఏడిసేది అయినంక ఈడికి రా" అని వినిపించింది మంచం మీద నుంచి.

వెళ్లాను. "మంచం కింద ట్రంకు ఉండాది. తెరువు. అడుగున తెల్ల మడత ఉంటాది, తీ" అంది.

ఆ ట్రంకు నేను అంతకు ముందు తెరవలేదు, మా ఆయన కూడా తెరిచి ఎరగడు. పైన అత్త పెళ్లి చీర, మధ్యలో ఎండిన వేపాకు, అడుగున మామగారి పంచె. ఏడాదికి ఒకసారి, ఆయన పోయిన రోజున, అత్త దాన్ని తనే ఉతికి, నీడలో ఆరేసి, మడత పెట్టి లోపల పెట్టేదని నాకు తెలుసు. ఆ రోజు ఇంట్లో ఎవరూ ఆవిడతో మాట్లాడేవాళ్లం కాదు. చేతిలోకి తీసుకుంటే ఆ పంచె పసిపిల్ల చెవి తమ్మెలా మెత్తగా ఉంది. పదకొండేళ్లు ఆయన ఒంటి మీద, తొమ్మిదేళ్లు ట్రంకులో. ఒక్క పోగు రాలడానికి దానిలో ఇంకేమీ మిగల్లేదు.

"ఇది వద్దత్తా" అన్నాను.

"మల్ల ఏది కావల్ల? మీ నాయన ఇంగొకటి గంజి పెట్టి తెస్తాడా?" అంది. పంచె అందుకుని అంచు దగ్గర పళ్లతో కొరికింది. చింపబోయింది. చేతుల్లో సత్తువ లేదు, గాజులు మాత్రం గలగలమన్నాయి. "ఆ కొస పట్టుకో" అంది. ఆవిడ ఒక కొస, నేను ఒక కొస. ఇద్దరం లాగాం. చర్రుమని పొడుగునా చిరిగింది. ఆ చప్పుడుకు ఆవిడ కళ్లు మూసుకుంది. "బతికున్నన్నాళ్లూ ఆయప్ప నాకు సెంబుడు నీళ్లు ముంచి ఇచ్చినోడు కాదు. ఇప్పుడన్నా ఒక పని సెయ్యనీ" అంది.

నవ్వాలో ఏడవాలో తెలీక ఆ గుడ్డ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. స్టూలు కాళ్లకు కట్టాను. విరిగిన పాలు పోశాను. మామగారి పంచె ఎంత బుద్ధిగా పని చేసిందంటే, తునకలన్నీ పైన ఆపేసి తేటను మాత్రం సన్నటి ధారగా కిందికి వదిలింది. మరుసటి రోజు డాక్టరు ఆ గ్లాసును వెలుతురుకు ఎత్తి, అందులోంచి అవతల నిలబడ్డ మా ఆయన ముఖం చూసి, "మీసాలు కనిపిస్తున్నాయి. ఇది తేట" అన్నాడు. ఆ రోజు నుంచి గంట తప్పకుండా గ్లాసుడు తేట పట్టించాను. పొద్దున చేసింది మధ్యాహ్నానికి పులుస్తుందని రోజుకు మూడుసార్లు పాలు విరిచేదాన్ని. వీధిలో తెలిసిన వాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఏడాది కిందట పాలు విరిగాయని నా చేతిని తప్పుపట్టిన ఆవిడ కూడా వచ్చి చూసి, "ఇన్ని పాలా తల్లీ" అని గుండెలు బాదుకుని పోయింది.

తేట అత్తకు పోగా, పంచెలో మిగిలిన తెల్లటి ముద్ద ఏం చేయాలి? పాలు పారేసే ఇల్లు కాదు మాది. పంచె కొసలు దగ్గరికి తీసి, ముడేసి, ఉట్టి కొక్కేనికి వేలాడదీసేదాన్ని. బొట్లు బొట్లుగా కారి ముద్ద గట్టిపడేది. ఆపైన రెండు పళ్లాల మధ్య పెట్టి, మీద సన్నికల్లు ఉంచేదాన్ని. సాయంత్రానికి అచ్చు రొట్టెలా బిళ్లకట్టేది, కత్తితో కోస్తే ముక్కలు వచ్చేవి. దానికి పేరేమిటో మాకు తెలీదు. మా ఆయన ఉప్పు, పచ్చిమిరపకాయ నంజుకుని ఒక పూట, బెల్లంతో ఒక పూట తినేవాడు. తల్లి చిక్కిపోతుంటే కొడుక్కి బుగ్గలు వస్తున్నాయని మిల్లులో ఎవరో అన్నారట. ఆయన సిగ్గుపడి ఒకరోజు తినడం మానేశాడు, రెండో రోజు మళ్లీ మొదలుపెట్టాడు.

మూడు వారాలు దాటాక జ్వరం పూర్తిగా విడిచింది. డాక్టరు పొట్ట నొక్కి చూసి, "ఇవాళ కాస్త గట్టిది పెట్టి చూద్దాం. ఆ పాలముద్దే, ఉప్పు లేకుండా, గోలీ అంత" అన్నాడు. ఆయన వెళ్లాక పంచె విప్పి, ఇంకా వెచ్చగా ఉన్న ముద్దలోంచి కొంచెం తీసి, వేళ్ల మధ్య బాగా మెదిపి అత్త నోటి దగ్గర పెట్టాను. గోలీ అంత ముద్దకు చిల్లి పడుతుందేమోనని నా ప్రాణాలన్నీ ఆ వేళ్ల కొసల్లోకి వచ్చాయి. అత్త నోరు తెరిచింది. నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు నానబెట్టుకుని మింగింది. మింగి, కళ్లు తెరవకుండానే మాట్లాడింది.

"ఆ పొద్దు గిన్నె తోమింది నేను."

ఏ పొద్దు అని నేను అడగలేదు.

"కోడలు వస్తాండాది, గిన్నె మెరవల్లని సింతపండేసి తోమితి. కడిగేకి నీళ్లు సాలకపాయ. నిమ్మసెట్టు కాడ పాలు పోసేటప్పుడు అంచు కింద ఏలు పెట్టి సూసుకుంటి. పులుపు ఆడనే ఉండాది."

"మరి ఎందుకు చెప్పలేదత్తా?" అన్నాను.

"అంతమంది ముందర ఎట్ల సెప్పేది? మర్నాడు సెప్పల్లనుకుంటి. నోరు రాలే. ఆ మర్నాడు ఇంగా కష్టమాయ. దినాలు పోయేకొద్దీ అట్లే గడ్డ కట్టుకుపాయ" అంది.

చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. ఏడాది పాటు నా చేతిని నేనే శత్రువులా చూసుకున్నాను. రాత్రీ పగలూ ఆ మాట నా వెంట తిరిగింది. ఈవిడకేమో ఆ రోజు మధ్యాహ్నానికే తెలుసు. ముద్ద అక్కడ పడేసి లేచి వెళ్లిపోదామనిపించింది. కానీ ఎదురుగా ఎముకల గూడు లాంటి మనిషి, పెదవి చివర తెల్లటి పాలతునక ఒకటి అంటుకుని ఉంది. ఇన్నాళ్లూ ఆ నోట్లోకి ఒక్క పలుకు పోకుండా కాపలా కాసింది నేనే. నా వేలితో ఆ తునకను ఆవిడ నోట్లోకి తోశాను. "ఇంకో ముద్ద పెట్టనా?" అన్నాను.

"పెట్టు" అంది. తిన్నాక, "రేప్పొద్దున నుంచి పాలు నువ్వే కాగబెట్టు" అంది. మూతి తుడుచుకుని, "గిన్నె కూడా నువ్వే తోముకో" అంది.

అత్త ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. నా పిల్లలను పెంచింది, నన్ను తిట్టింది, నేనూ ఆవిడకు ఎదురు చెప్పాను. మామగారి పంచె మిగతా సగం మళ్లీ ట్రంకులోకి పోయింది. మా నాయన గుడ్డ మాత్రం నాకు కంటబడితే సిగ్గేసేది. దాన్ని మసిగుడ్డ చేద్దామని తీస్తే అత్త పట్టుకుని లాగేసుకుంది. "పారెయ్యొద్దు. ఉతుకుతా ఉండు. యాడికి పోతాది, అది కూడా మెత్తబడతాది" అంది. మెత్తబడింది. నా మొదటి బిడ్డను అందులోనే చుట్టి మా నాయన చేతుల్లో పెట్టింది అత్తే. ఆయన గుడ్డను వేళ్ల మధ్య రుద్ది చూసుకుని, ఇది నా నేతేనా అని అడిగాడు.

మనవరాలికి ఇదంతా చెప్పేసరికి పాలు చల్లారిపోయాయి. ఆ పిల్ల లేచి, పార్శిల్లో వచ్చిన గుడ్డను మిషన్లో వేసి, తిప్పి, ఆరబెట్టి, నా దగ్గరికి తెచ్చి "చాలా అవ్వా?" అంది. బొటనవేలితో రుద్ది చూశాను. ఇంకో రెండుసార్లు వెయ్యమన్నాను. ఆ మిషను తిరుగుతుంటే ఎదురుగా కూర్చుని లెక్క వేసుకున్నాను. మామగారి పంచె పాలు వడగట్టడానికి తయారు కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. నేను ఆ ఇంటి కోడలు కావడానికి ఒక్క ఏడాది. ఆ రోజుల్లో ఆ ఏడాది ఎంతకీ గడవలేదు గానీ, ఇప్పుడిక్కడ కూర్చుని చూస్తే తొందరగానే అయిందనిపిస్తోంది.